వాన నిద్ర చేయని వాకిలి

నా చిన్నప్పుడు బోయిగూడలో ఒకే వాకిలి చుట్టూ కట్టిన వరుస ఇళ్ళలో ఒకదాంట్లో ఉండేవాళ్ళం. గేటు ఒకటే, బావి ఒకటే, తగాదాలు మాత్రం ఎవరివి వాళ్ళవి. వాకిలి పల్లానికి దిగే మూల, బావికి కాస్త ఎడంగా ఒక గుంత ఉండేది. వానొస్తే కప్పుల మీది నీళ్ళు, వాకిట్లో నీళ్ళు అన్నీ అందులోకే చేరేవి. దాని చుట్టూ చేమాకులు, లోపల కప్పలు. ఎండాకాలం తప్ప మిగతా రోజులంతా అక్కడ బురదే.

ఆ గుంతకొక ఆచారం ఉండేది. తొలకరికి ముందు ఇంటికొక మనిషి వచ్చి దాని పూడిక తీయాలి. అది మా నాయనమ్మ పెట్టిన పద్ధతి కాదు, ఆమె అత్తగారి నాటిది. అయినా కాపలా మాత్రం నాయనమ్మదే. ఆ రోజు అందరికీ సర్వపిండి కాల్చి పెట్టేది. అంతకు ముందు రోజు దాకా ముఖాలు తిప్పుకున్న ఆడవాళ్ళు కూడా ఆ బురద తట్టలు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ మాటలు కలుపుకునేవారు. ఎందుకు తీయాలని అడిగితే, “గుంత కడుపు నిండితెనే బాయి కడుపు నిండుతది” అనేది. అంతకు మించి ఆమెకూ తెలియదు.

మా పక్కింటి అక్క బట్టలుతికి బతికేది. స్టేషను దగ్గరి లాడ్జీల దుప్పట్లు మూటలుగా వచ్చేవి. మంచంలో ఉన్న తల్లినీ, తననూ ఆ చాకిరీతోనే నెట్టుకొచ్చేది. దుప్పటి పిండేటప్పుడు రెండో కొస నాకిచ్చి పట్టుకోమనేది. నేను బలమంతా పెట్టి మెలితిప్పుతుంటే నవ్వేది. ఆ నవ్వు కోసమే నేను బడి నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఆ బడి కూడా ఎంతో కాలం సాగలేదు లెండి.

ఒక వానాకాలం ఆరేసిన దుప్పట్ల మీద బురద చింది, లాడ్జీ వాళ్ళు మూట వెనక్కి పంపారు. మళ్ళీ ఉతికింది. మళ్ళీ చిందింది. అక్క ఇల్లిల్లూ తిరిగి వాకిలంతా గచ్చు చేయిద్దామని అడిగింది. దోమలతో, జారుడుతో విసిగి ఉన్నవాళ్ళే కదా, అందరూ సరేనన్నారు. అడ్డం పడింది నాయనమ్మ ఒక్కతే.

“ఆ కప్పలు నీకు సుట్టాలా ఏంది అవ్వా?” అంది అక్క.

“సుట్టాలే బిడ్డా. నీకన్న ముందుగాల వచ్చినయి.”

“మరి నా దుప్పట్లు నీ సుట్టాలు ఉతుకుతరా?”

అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. బట్టల సోడా నీళ్ళకు పగిలిన అక్క చేతుల వైపు చూసింది. “నీ తక్లీఫ్ అబద్ధం కాదు. పోయించుకోండ్రి. జెర ఆ మూలన్న ఇడిసిపెట్టుండ్రి” అంది. మేస్త్రీ సరేనన్నాడు గానీ, అంత చక్కటి గచ్చులో ఆ మూల చిరిగిన జేబులా కనబడుతుందని గుంత పూడ్చి దాన్నీ కలిపేశాడు.

నిజం చెప్పాలంటే ఆ గచ్చు మాకు పండగే. మేము తొక్కుడుబిళ్ళ గీసుకున్నాం. అక్క దుప్పట్లు తెల్లగా ఆరాయి. నాయనమ్మ కూడా దాని మీదే వడియాలు పెట్టింది. తొలకరి ముందు పూడిక తీసే రోజు వచ్చింది, పోయింది. గుంతే లేదు, ఇక తీసేదేముంది? సర్వపిండి కాల్చలేదు. ఒక చాకిరీ తప్పిందనుకున్నాం. ఆ ఒక్క రోజూ అందరం ఒక దగ్గర చేరేవాళ్ళమని, అదీ పోయిందని ఎవరికీ తోచలేదు.

మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం నాయనమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి, చేతిలో ఒక వేపాకు పెట్టి నీళ్ళలో వదలమంది. అంతకుముందు అలా వదిలిన ఆకులు మెల్లగా గుంత దాకా పోయి, అక్కడే తిరిగి తిరిగి ఆగిపోయేవి. ఈసారి ఆకు గచ్చు మీద జర్రున జారింది. ఎవరో తరిమినట్టు గేటు దాటి నాలాలో పడింది. నాకు భలే సరదాగా ఉంది. ఇంకో ఆకు, ఇంకో ఆకు వదిలాను. వాన ఆగిన కాసేపటికే వాకిలి ఆరిపోయింది. అప్పుడు నాయనమ్మ, నాతో కాదు, వాకిలితో అన్నట్టు అంది. “సుట్టం ఇంటికొస్తే ఒక్క రాత్రన్న నిద్ర చెయ్యమంటం. మన వానను గడప కాడ్నించే ఎల్లగొడ్తిమి.”

ఆ మాట అప్పుడు నాకు కథలా వినబడింది. బావి చెప్పాక గానీ అర్థం కాలేదు.

మరుసటి ఎండాకాలానికి చేద అడుగున బురద తగలడం మొదలైంది. జనం గచ్చు వైపు చూడలేదు, ఒకరి బిందెల వైపు ఒకరు చూసుకున్నారు. అందరికన్నా ఎక్కువ తోడేది అక్కే కాబట్టి అందరి కళ్ళూ ఆమె మీదే పడ్డాయి. గిలకకు తాళం వేశారు. ఇంటికిన్ని బిందెలని వంతులు పెట్టారు. ఉతుకుడు బయట ఎక్కడైనా పెట్టుకొమ్మని అక్కకు చెప్పారు. నాయనమ్మ మా వంతులో సగం చప్పుడు చేయకుండా అక్క తొట్టిలో పోసి వచ్చేది. మేము తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేవాళ్ళం. కానీ దుప్పట్ల మూటకు ఆ నీళ్ళు ఏ మూలకు?

ఆ మూలన్నా పగలగొట్టమని నాయనమ్మ మగవాళ్ళను అడిగింది. పైసలు పోసి వేయించింది పలగ్గొట్టడానికా అన్నారు. చివరికి ఒకరోజు అక్కే గడ్డపార పట్టుకొచ్చి, ఏ గచ్చు కోసం గడపగడపా తిరిగిందో దాన్నే పొడవడం షురూ చేసింది. చిన్న పెచ్చు లేచింది. అంతలో అందరూ చుట్టుముట్టి గడ్డపార గుంజుకున్నారు. “వాకిలి నీ ఒక్కదానిదా?” అన్నారు. అది అందరిదీ అన్న సంగతి వాళ్ళకు అప్పుడే గుర్తొచ్చింది.

అక్క, తల్లిని రిక్షాలో కూర్చోబెట్టుకుని మౌలాలి వైపు వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు నాయనమ్మ కాళ్ళకు మొక్కి, “నువ్వు చెప్పినవు, నేనే ఇనలే అవ్వా” అంది. నాయనమ్మ ఆమెను లేపి, “నాకు సుత సగమే ఎరుక బిడ్డా. బాయి ఎండుతదనుకున్న. మనుషులు ముందుగాల ఎండుతరనుకోలే” అంది.

అక్క పోయినా బావి నిండలేదు. తర్వాత మరో ఇల్లు ఖాళీ అయింది, ఆ తర్వాత మాది. అక్కను నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నేను మెట్టుగూడలో నా బిడ్డ దగ్గర ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. గేటు నుంచి వెనక గోడ దాకా మొత్తం టైల్సు. అవి వేసేటప్పుడు మీటింగులో నేనూ నోరు విప్పాను, ఒక్క మూలన్నా మట్టి వదలమని. సెక్రెటరీ పిల్లాడు మర్యాదస్తుడే. “బురదైతది అమ్మమ్మా, బండ్లు జారుతయి” అన్నాడు. అతని కష్టమూ అబద్ధం కాదు. సరే బిడ్డా అని కూర్చున్నాను.

బోరు ఎండింది. లోతుకు దింపారు, అదీ ఎండింది. ఇప్పుడు ట్యాంకరు వస్తేనే సంపులో నీళ్ళు. జనం మళ్ళీ ఒకరి బిందెల వైపు ఒకరు చూసుకుంటున్నారు, ఈసారి ఫోన్లలోని గ్రూపులో. మూడో అంతస్తులో టిఫిన్లు చేసి అమ్ముకునే పిల్ల ఉంది. నీళ్ళన్నీ ఆమే వాడేస్తోందని వంతులు పెట్టి, వాల్వుకు తాళం వేశారు. కథ తెలిసినదాన్నే గానీ, ఆపగలిగిన దాన్ని కాలేకపోయాను. నాయనమ్మలా సగం నీళ్ళు పోద్దామన్నా, మా నల్లాలో వచ్చేది మాకే చాలడం లేదు. మొన్న లిఫ్టు దగ్గర కలిసి, “నీళ్ళున్న దగ్గర ఎక్కడన్న ఇల్లు ఉంటే చెప్పు అమ్మమ్మా” అంది ఆ పిల్ల. ఊరంతా తలుచుకున్నాను. ఒక్క చోటూ నోటికి రాలేదు.

మా బాల్కనీలో ఒక మట్టి తొట్టి పెట్టుకున్నాను. అందులో మొక్క లేదు, ఉత్త మట్టే. ఎందుకమ్మా అని నా బిడ్డ అడిగితే ఊరికే అంటాను. వాన వచ్చినప్పుడు దాన్ని అంచుకు జరుపుతాను. ఆ జానెడు మట్టిలో వాన ఒక రాత్రి నిద్ర చేస్తుంది. తెల్లారేసరికి అడుగున ఉన్న చిల్లి నుంచి బొట్టుబొట్టుగా కింది టైల్సు మీదికి కారి, గేటు దాటి వెళ్ళిపోతుంది. నేను పై నుంచి చూస్తూ నిలబడతాను.