రాజధాని మంచులో మూడో ఆమెన్

దారి తెలియని వారికి దారి చూపే దేవునికి స్తోత్రం. చీకటిని చేసి, ఆ చీకట్లో మనతో కూడా నడిచే తండ్రికి మహిమ. ఈ నాలుగు మాటలు రాయడానికి నాలో ఊపిరి ఉంచినందుకు ఆయనకు వేవేల వందనాలు.

ఒట్టు పెట్టి చెప్పమంటే పెట్టను. ఒట్టు మాకు కూడదు. అవునంటే అవును, కాదంటే కాదు. ఇది జరిగింది... నాకే జరిగింది. ఆ వేళ నాతో మరో ఇద్దరున్నారు. ముగ్గురం విన్నాం.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెబుతాను. మా అమ్మాయి కృప ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, నాలుగేళ్ళు పరీక్షలు రాసి రాసి, పోయిన చలికాలంలో ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైంది. ఇక మిగిలింది సర్టిఫికెట్ల పరిశీలన. అది అమరావతిలో. ఉదయం తొమ్మిదికి. ఆ వేళకు రాకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్ళకు వెళ్ళిపోతుందని కాగితంలో రాసి ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని కృప ఎన్నిసార్లు చదువుకుందో!

మేమెవరమూ రాజధాని చూసినవాళ్ళం కాదు. బెజవాడ దాకా రైలుంది, అక్కడ బస్సెక్కండి అన్నారు కొందరు. ఆఫీసుకూ ఆఫీసుకూ మధ్య మైళ్ళ దూరం, దిగినచోట ఆటో దొరకదు అన్నారు ఇంకొందరు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజులు కావడంతో మా ఆయనకు సెలవు దొరకలేదు. చివరికి మా వీధిలో కారు కిరాయికి తిప్పే సత్తిబాబుని మాట్లాడుకున్నాం.

సత్తిబాబు మంచివాడు. ఏడాదికి రెండుసార్లు అన్నవరం కొండెక్కి వ్రతం చేయించుకుంటాడు. కారులో ముందే స్వామివారి పటం. నేను అతని పక్కన కూర్చోగానే అన్నాడు: "టీచరుగారూ, మీరు ప్రార్థన చేసేసుకోండి. నేను మా స్వామికి చెప్పేశాను. ఇద్దరూ కలిసి చూసుకుంటారు."

"ఇద్దరు డ్రైవర్లుంటే బండి ఎటు పోతుంది సత్తిబాబూ?"

"స్టీరింగు నా చేతిలోనే ఉంది కదండి!"

కృప వెనక సీట్లో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నవ్వలేదు.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. ఏలూరు దాటేసరికి మంచు మొదలైంది. బెజవాడలో బ్యారేజీ మీద కృష్ణ దాటాం గాని, నీళ్ళు కనబడలేదు. అంతా తెలుపు... కరకట్ట మీదుగా వెళ్ళి రాజధాని రోడ్డెక్కాం. అబ్బ, ఏం రోడ్డు! మా ఊరి పెద్ద కాలువ, దాని రెండు గట్లూ కలిపినా అంత వెడల్పుండవు. కారు పడవలా జారిపోతోంది. కానీ ఒక్క మనిషి లేడు. టీ కొట్టు లేదు. కుక్కయినా మొరగలేదు.

ఆ రోడ్లకు పేర్లు కూడా లేవు. ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె. అంతే.

"బాబాయ్, ఇ పదకొండు మీంచి ఎన్ తొమ్మిదికి తిరగాలంట," అంది కృప ఫోను చూస్తూ.

"ఇదేంటమ్మా, రోడ్డా, సినిమా హాల్లో సీటా?" అన్నాడు సత్తిబాబు.

ఇల్లు విడిచాక కృప నవ్వడం అదే మొదటిసారి.

ఫోను ఎడమకు తిరగమంది. తిరిగాం. తిన్నగా పొమ్మంది. పోయాం. వీధి దీపాలు ఆగిపోయాయి. రెండు పక్కలా సగం కట్టి వదిలిన మేడలు... గోడల్లేవు, స్తంభాలే. కాసేపటికి అవీ మంచులో కలిసిపోయాయి. టైర్ల కింద తారు పోయి కంకర వచ్చింది. చరచర... చరచర... సత్తిబాబు బ్రేకు వేశాడు.

"పాపా, మనం ఎక్కడున్నాం?"

"పొలంలో ఉన్నట్టు చూపిస్తోంది బాబాయ్." కృప ఫోను అటూ ఇటూ తిప్పింది. "కానీ తిన్నగా పోతే మెయిన్ రోడ్డే. ఇంకో రెండు నిమిషాలే. పోనివ్వండి."

"మంచు విడేదాకా ఆగుదామా?"

"ఎనిమిదైనా విడదు. ఆఫీసు ఎక్కడుందో వెతుక్కోవాలి కదా. పోనివ్వండి బాబాయ్, ప్లీజ్."

అప్పుడు నేనన్నాను, "ఒక్క నిమిషం. ప్రార్థన చేసుకుని వెళదాం."

"ఇప్పుడా అమ్మా!"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడే?"

మా ఇంట్లో అది అలవాటు. దారి తోచనప్పుడు ఆగి, తల వంచుతాం. సత్తిబాబుకు మా సంగతి తెలుసు. ఇంజను ఆపాడు. అద్దాలకు ఆవిరి పట్టిందని రెండు పక్కలా కిందికి దించాడు. చలి లోపలికొచ్చింది. నేను కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నాను.

చల్లబడుతున్న ఇంజను టిక్... టిక్... అంటోంది. ఎక్కడో ఇనుము మీద మంచు బొట్లు పడుతున్నాయి. నేను చిన్న ప్రార్థనే చేశాను. బిడ్డను వేళకు చేర్చమన్నాను. మేము వెళ్ళకూడని దారయితే మమ్మల్ని ఆపమన్నాను. ఆమెన్ అన్నాను.

కృప ఆమెన్ అంది.

ఆ తర్వాత... ఒక్క క్షణం ఆగి... మూడో ఆమెన్ వినబడింది.

మగ గొంతు. బరువైనది. తొందర లేదు. మా సంఘంలో ముందు వరుసలో కూర్చునే ముసలివాళ్ళు సాగదీసి అంటారే... అలా. 'ఆ' దగ్గర నిలబడి, 'మెన్' దగ్గర నెమ్మదిగా కూర్చున్నట్టు.

నాకు ఎంత సంతోషమైందో! కళ్ళు తెరిచి, "ఏంటి సత్తిబాబూ, ఇవాళ నువ్వు కూడా ఆమెన్ అన్నావే!" అన్నాను.

అతను నావైపు తిరగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. చూపు ముందుకే.

"నేననలేదండి."

"పర్లేదులే, మీ స్వామి ఏమీ అనుకోడు."

"టీచరుగారూ... నేననలేదండి. ముందు నుంచి వచ్చింది."

వెనక నుంచి కృప మెల్లగా అంది, "నాకూ ముందు నుంచే వినబడిందమ్మా."

లైట్లు వేసి చూశాం. తెల్లటి గోడలా మంచు. ఇంకేమీ లేదు.

"ఎవరండీ అక్కడ?" అని సత్తిబాబు కేక వేశాడు. జవాబు లేదు. "దారి తప్పామండి, కాస్త చెబుతారా?" లేదు...

"ఎవరో పెద్దాయనలా ఉన్నారు. అడిగొస్తానుండండి," అంటూ ఫోను లైటు వేసుకుని దిగాడు. వద్దనే లోపే మంచులోకి వెళ్ళిపోయాడు. మనిషి కనబడటం లేదు. కంకర మీద చెప్పుల చప్పుడే. నేను లెక్కపెడుతున్నాను. ఏడు... ఎనిమిది... తొమ్మిది... పది... పదకొండు.

ఆగింది.

తర్వాత అతని గొంతు వచ్చింది, సన్నగా. "టీచరుగారూ, కారు ముందుకు కదలనివ్వకండి. హ్యాండు బ్రేకు లాగండి."

అతను వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చాడు. వచ్చి బానెట్ మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు.

"రోడ్డు లేదండి. పునాది గొయ్యి. నిండా నీళ్ళు. నీళ్ళలోంచి ఇనప చువ్వలు లేచి ఉన్నాయండి. అడ్డం కట్టిన రిబ్బను తెగి కింద పడి ఉంది."

"మరి ఆయన?"

"ఎవరూ లేరండి. ఆ గొంతు వచ్చిన వైపు... నిలబడటానికి నేల లేదండి."

కంకర మీద మరో పదకొండు అడుగులు... అంతే. పోనివ్వమని బతిమాలిన పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోదామన్నాడు సత్తిబాబు. నేను సరేనన్నాను. వద్దన్నది కృప.

"అమ్మా, ఎవరైనా అందులో పడి ఉంటే? చూడకుండా ఎలా పోతాం?"

ఉద్యోగం ఎవరిదో, వేళ మించితే పోగొట్టుకునేది ఎవరో, ఆ పిల్లే ఆ మాట అంది.

ముగ్గురం దిగాం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాం. నీళ్ళు కదలడం లేదు. ఒక్క అల లేదు. మంచు వాటి మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. పిలిచాం... ఆగాం... మళ్ళీ పిలిచాం. బొట్లు పడే చప్పుడే.

తెల్లగా వెలుగొచ్చేదాకా అక్కడే ఉన్నాం. ఏడు దాటాక సైకిలు మీద కాపలాదారు వచ్చాడు. మఫ్లరు చుట్టుకున్న శ్రీకాకుళం మనిషి. విషయం చెబితే గొయ్యి చుట్టూ తిరిగి, కర్రతో గట్టు పక్క గడ్డి కదిపి చూశాడు.

"ఇక్కడ పని ఆగి చాన్నాళ్ళయిందమ్మా. ఈ దరిదాపుల ఎవరూ పడుకోరు. మీరు వెళ్ళండి, ఇంకో ఇద్దర్ని పిలిచి నేను చూస్తాను." సత్తిబాబు దగ్గర ఫోను నంబరు తీసుకున్నాడు. తన సైకిలు ముందు నడిపిస్తూ మమ్మల్ని పెద్ద రోడ్డుకు చేర్చాడు.

ఆఫీసు వెతుక్కుని చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. కృప బురద చెప్పులతోనే లోపలికి పరుగెత్తింది. పదకొండుకు బయటికొచ్చింది... నవ్వుతూ. అన్నీ సరిపోయాయి. సాయంత్రం కాపలాదారు ఫోను చేశాడు. అంతా వెతికారట. ఎవరూ దొరకలేదు.

ఇప్పుడు కృప మా ఇంటికి గంట దూరంలో ప్రభుత్వాసుపత్రిలో పని చేస్తోంది. మొదటి జీతంతో సత్తిబాబుకు చొక్కా బట్ట పెట్టింది. మా ఇంట్లో సంతోషం ఉంది. అది దేవుడిచ్చిందే.

ఆ గొంతు సంగతి మాత్రం తేలలేదు. ఖాళీ మేడలకు తగిలి నీ గొంతే తిరిగొచ్చిందమ్మా అంటుంది కృప. నా గొంతు మగ గొంతెలా అవుతుందంటే మాట మారుస్తుంది. సత్తిబాబుకైతే అనుమానమే లేదు.

"మా స్వామేనండి. మీకు అర్థం కావాలని మీ మాటలో చెప్పాడు."

"మీ స్వామికి ఆమెన్ ఎవరు నేర్పారయ్యా?"

"మీ చర్చి వెనకే కదండి మా ఇల్లు. రోజూ మైకులో వింటూనే ఉంటాడు."

సంఘంలో సాక్ష్యం చెబుదామని మా పాస్టరు అయ్యగారిని అడిగాను. "దూత అని చెప్పకమ్మా. దయ్యమనీ చెప్పకు. తెలియదని చెప్పు, స్తోత్రమని చెప్పు," అన్నారు. అలాగే చెబుతున్నాను. నాకు తెలియదు. స్తోత్రం.

అయినా ఒక్కోసారి మెలకువ వస్తుంది. ఆయన దూతే అయితే నా ప్రార్థన ఆయనకు అక్కరలేదు. కానీ మనిషే అయితే? ఆ చలిలో, ఆ నీళ్ళ దగ్గర, ఇల్లు వదిలి ఒంటరిగా ఎందుకున్నాడు? మేము అంతగా పిలిస్తే ఎందుకు పలకలేదు? మా బిడ్డ మాకు దక్కింది. ఆయన కోసం ఎదురు చూసేవాళ్ళు ఎక్కడున్నారో...

చదువుతున్న ప్రియులారా, ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టండి. ఆయన ఎవరైనా సరే, ఎక్కడున్నా సరే, చలి లేని చోటికి, తనవాళ్ళ దగ్గరికి చేర్చమని మీరు కూడా నాతో కలిసి ప్రార్థించండి.