పక్కనుంచి మాత్రమే చూసే మామయ్య

ముక్కు మామయ్య మనుషుల్ని ఎదురుగా చూడడు. చూస్తే పక్కనుంచే చూస్తాడు. ఇది పొగరు కాదు, మెల్లకన్ను అంతకన్నా కాదు, శాస్త్రం. పాత రోమను నాణేలు పోగుచేసి, ఏది ఏ చక్రవర్తిదో తేల్చడం ఆయన జీవితాశయం. రెండువేల ఏళ్లు చేతులు మారిన నాణెం మీద ముందు అక్షరాలు పోతాయి, తర్వాత చెవి పోతుంది, మిగిలేది ముక్కూ గడ్డం మెడా. అవీ ఒకవైపువే. అంచేత మనిషన్నవాడికి ఒక్క చెంపే ఉంటుందన్న అభిప్రాయం ఆయనలో స్థిరపడిపోయింది.

బతుకుతెరువు మాత్రం కళ్లద్దాల షాపు. కొత్త జోడు పెట్టుకున్నవాడు అద్దంలోకి చూస్తూ "ఎలా ఉందండీ?" అని అడిగేసరికి మామయ్య వాడి చెవి పక్కకి చేరి ఉంటాడు. మరుక్షణం రెండో చెవి దగ్గర. కాలు ఒకచోట నిలిచే మనిషి కాదు.

ఒకసారి పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"కదలకండి!" అన్నాడు మామయ్య. ఎప్పుడూ తను అనే మాట తనకే వినపడేసరికి ఇన్‌స్పెక్టరు బిగుసుకుపోయాడు. "ఆ మెడ చూశారూ, అచ్చం నీరోది."

"ఎవడు వాడు? ఏ కేసు?"

"ఊరు తగలబెట్టాడని వినికిడి సార్. రుజువు కాలేదు."

"కాకపోతే నా మెడ జోలికి రాకు!"

"పెళ్లయి ముప్పై ఏళ్లు," అంటుంది అత్తయ్య, వినేవాళ్లు దొరికితే చాలు. "నా కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉందని ఈయనకి పోయిన నెల తెలిసింది. ఎప్పుడు కొన్నావే అని అడిగాడు."

ఇంత జరుగుతున్నా షాపు మూతపడలేదంటే అది మేనకోడలి చలవ. నంబర్లు రాసుకోవడం, మరలు బిగించడం, మామయ్య మెచ్చుకున్న ముక్కుల యజమానులకి క్షమాపణలు చెప్పడం అన్నీ ఆమే. అలాంటి పిల్ల ఒక పొద్దున నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమవైపునుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే ఎడమ చెంప మొత్తం జారిపోయి ఉంది. నరం దెబ్బతిందనీ, నెలలు పడుతుందనీ, మొత్తం సర్దుకుంటుందని మాత్రం హామీ ఇవ్వలేననీ డాక్టరు చెప్పాడు.

మామయ్య చూడ్డానికి వచ్చి, అలవాటుగా కుడిపక్కన కూర్చున్నాడు.

"నేనింక షాపుకి రాను మామయ్యా. మొహాలకి జోళ్లమ్మే చోట ఈ మొహమెందుకు?"

ఇంకెవరైనా అయితే ఓదార్చేవారు. ఈయన జేబులోంచి అరిగిపోయిన రాగి నాణెం తీశాడు. "అది తర్వాత చూద్దాం. ముక్కు చూస్తే వెస్పేసియన్, జుట్టు చూస్తే ట్రాజన్. వారమైంది, నాకు అన్నం సయించట్లేదు. నీ కళ్లు కావాలి. సోమవారం పదింటికి రా."

"నా గోడు నేను చెప్తుంటే నీ నాణెం గోలేంటి?"

ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు, ఎడమది కుడికాలికి.

ఆ వారంలో షాపులో బల్ల మూడుసార్లు చోటు మారింది. నాణేలకి వెలుతురు చాలట్లేదట. "రోజూ ఈ దడదడేంటండీ, నా కుట్టు వంకరపోతోంది!" అని పక్కషాపు టైలరు మొత్తుకున్నా ఆగలేదు.

సోమవారం ఆమె వచ్చింది, తాళాలు మొహాన కొట్టి పోదామని. లోపల బల్ల ఎడమ గోడకి ఆని ఉంది, దాని వెంబడే ఆమె కుర్చీ. మామయ్య లేడు. ఈలోగా మనుషులొస్తే పని చూడక తప్పలేదు. నలుగురొచ్చారు, కుడిపక్కనున్న కుర్చీలో కూర్చున్నారు, జోళ్లు తీసుకుని వెళ్లారు. ఒక్కరూ ఆమెని వింతగా చూడలేదు.

మామయ్య ఎక్కడా అని చూస్తే బయట మెట్లమీద, మండుటెండలో, రెండు స్కూటర్ల మధ్య భూతద్దంతో ఉన్నాడు.

"లోపల వెలుతురు కోసమే కదా ఇదంతా? ఎండలో కూర్చున్నావేం?"

"లోపల చీకటే..." అని నాలుక కరుచుకుని, ఆయన స్కూటరు నంబరు చదవడం మొదలుపెట్టాడు.

లోపల బల్లకి ఆఖరి మేకు కొడుతున్న వడ్రంగి నవ్వాడు. "వెలుతురా, పాడా? నన్ను నీ కుర్చీలో కూర్చోబెట్టి, కుడిపక్క కుర్చీలోంచి ఎడమ చెంప కనపడుతోందేమోనని గంటసేపు చూశాడమ్మా. నా మెడ పట్టేసింది."

ఆమె తాళాలు సొరుగులో పడేసి మళ్లీ తన కుర్చీలో కూర్చుంది. అంతలో రిటైరైన లెక్కల టీచరమ్మ వచ్చి కూర్చుంది. "జోడు వంకరగా ఉందే అమ్మాయ్." రెండు చెవుల మీదా సమానంగా ఉందో లేదో తేలాలంటే ఎదురుగా చూడాల్సిందే. మేనకోడలు కాసేపు మరలన్నీ తడుముకుంది. తర్వాత కుర్చీ కిర్రుమనేలా పూర్తిగా టీచరమ్మ వైపు తిప్పింది.

"నాదీ కాస్త వంకరేనండి. ముందు మీది సరిచేస్తాను."

"నీది తర్వాత చూసుకుందువుగాని, నాకు బస్సుంది," అంది టీచరమ్మ.

మామయ్య లోపలికి పరిగెత్తుకొచ్చాడు. "ఆ కుర్చీ తిప్పకే! వెలుతురు పోతుంది!"

"పోనీలే మామయ్యా. నువ్వు ఎండలోంచి లోపలికి రా."

ఆయన ఆమె ఎదుట నిలబడ్డాడు. కుడికి జరగలేదు, ఎడమకి జరగలేదు. అందరూ ఆశ్చర్యపోయేలా నిమిషం పాటు మొహంలోకి తిన్నగా చూశాడు. చివరికి పెదవి విరిచాడు.

"ఊహూఁ. ఇలా ఎదురుగా చూస్తే ఎవరినీ పోల్చుకోలేమే. ఇంతకీ నువ్వెవరమ్మాయివి?"

ఆమెకి నవ్వొచ్చింది. కుడిపక్క వెంటనే వచ్చేసింది. ఎడమపక్క కాస్త ఆలస్యంగా బయల్దేరింది.