గోచి చీరకు కత్తెర

"పిక్కలు కనబడుతయి అత్తా. గా దేశంల గట్ల తిరుగద్దు," అంది మా కోడలు.

"ఇన్నేండ్లు బోధన్ బజార్ల గిట్లనే తిరిగిన. ఎవ్వడన్న పేరువెట్టిండా?"

"అది బోధన్ గాదు. నా పెండ్లయిన కొత్తల కొంగు జారితె ఇల్లంత ఒక్కటి జేసినవ్. ఇప్పుడు నీకు జెప్తె రోషమొస్తుందా?"

"అయితే నేను పోనే పోను."

అన్నాను గానీ, పోక తప్పదని ఇద్దరికీ తెలుసు. మస్కట్‌లో నా బిడ్డకు నెలలు నిండాయి. తొలి కాన్పు. అల్లుడు అక్కడ ఏసీలు బాగుచేసే పని చేస్తాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి. నేను పోకపోతే దాని తలకు నీళ్లు పోసే దిక్కు లేదు. మర్నాడే ప్రయాణం.

నాది కొద్దిపాటి చదువు. బడి మానేసి చెరుకు తోటలో దిగిన నాటి నుంచి గోచి చీరే కట్టాను. కుచ్చిళ్లు కాళ్ల మధ్య నుంచి తీసి వెనక దోపుకుంటే ఒంగొచ్చు, లేవొచ్చు, బురద దాటొచ్చు. వెనక పిక్కలు బయటికే ఉంటాయి. అదొక సిగ్గులేని కట్టు అని ఎవరైనా అంటారని నాకెన్నడూ తోచలేదు.

కోడలు ముందే నిజామాబాద్ నుంచి పొడుగు చేతుల డ్రెస్సులు తెచ్చిపెట్టింది. మెరుస్తున్నాయి, చూడ్డానికి నిండుగానే ఉన్నాయి. ఒకటి తొడుక్కుని గిన్నెలు తోమేసరికి మెడ చుట్టూ పొక్కులు లేచాయి. అంచు మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి చూశాను. జారిపోయాయి. నీళ్లు పీల్చని బట్ట చెమటేం పీలుస్తుంది?

బిడ్డకు ఫోన్ కలిపింది కోడలు.

"అవ్వా, బయట పొయ్యి లెక్క ఉంటది. దుకాణంలకు పోతే సలి పెడ్తది. నూలు బట్టలే తెచ్చుకో, శాలువ ఒకటి పెట్టుకో. చేతులు, కాళ్లు కప్పేటియి." తర్వాత గొంతు తగ్గించింది. "ఎట్లన్న రా అవ్వా. నాకు భయమైతుంది."

ఫోన్ కోడలికిచ్చి లేచాను. పెట్టెలో ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు గోచి చీరలు ఉన్నాయి. మామూలు చీర కంటే పొడుగు. రెండు తీసుకుని సందు చివర దర్జీ దగ్గరికి పోయాను.

"మామూలు చీరంత ఉంచు. మిగిలినదాంట్ల పొడుగు చేతుల జాకెట్లు కుట్టు. వదులుగ కుట్టు, గాలాడాలె."

దర్జీ చీర మడత విప్పి నా ముఖం చూశాడు. "కోస్తే మళ్ల గోచి రాదవ్వా."

"ఎరుకే. కొయ్యి."

కత్తెర ఆడుతున్నంతసేపు ఎటు చూడాలో తెలియలేదు. బల్ల కింద పడ్డ పీలికలన్నీ ఏరి కొంగులో కట్టుకున్నాను, పుట్టే పిల్లకు మెత్తని గుడ్డలవుతాయి.

"అవ్వ పీలికలు గూడ ఇడువది," అని నవ్వాడు.

"నీ అయ్య సొమ్మా?" అన్నాను.

సాయంత్రం కోడలు నాకు లోపల లంగా తొడిగి, కోసిన చీర కట్టింది. జాకెట్టు చల్లగానే ఉంది, చేతులు మణికట్టు దాకా వచ్చాయి. అడుగేస్తే మాత్రం ఎద్దు కాళ్లకు బంధం వేసినట్టుంది. వాకిలి నుంచి గేటు దాకా రెండుసార్లు గోడ పట్టుకుని నడిచాను.

"గింత పెద్ద అడుగెయ్యకు అత్తా."

"చిన్న అడుగులు నేనెన్నడేసిన?"

కోడలు నవ్వలేదు. కింద కూర్చుని అంచు కాస్త పైకి జరిపింది. జరిపితే మడమలు కనబడ్డాయి. మళ్లీ దించింది.

మర్నాడు పొద్దున ఆటో వచ్చింది. ఎక్కబోతే అంచు కాలి కింద పడి ముందుకు తూలాను. కోడలు నా రెక్క పట్టుకుంది. ఇంకో చేత్తో కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పట్టింది. నేను ఎక్కి కూర్చున్నాక చీర కిందికి దించి, పాదాల మీద సర్దింది. బస్టాండు దాకా ఆ కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకునే కూర్చున్నాను.