స్పామ్‌లో వెతికిన పొద్దు

మా పక్కింటి సారు పోయారు. మంగళవారం తెల్లవారకముందే, నిద్రలోనే. ముందురోజు సాయంత్రం గోడ మీదుగా నా దగ్గర కరివేపాకు అందుకుని, నవ్వుతూ లోపలికి వెళ్ళిన మనిషి.

నౌబాద్‌లో మా రెండిళ్ళకూ ఒక్కటే గోడ. టెలిఫోన్ ఆఫీసులో రిటైరయ్యాక, తన ఈమెయిళ్ళు తన ఇంట్లోనే ఉండాలని ఆయన కిటికీ దగ్గర ఒక చిన్న పెట్టె పెట్టుకున్నారు. సర్వర్ అనేవారు. అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటే నాకు ఒకటే గుబులు.

"సారూ, అది కాలిపోతదేమో! పోలీసులొస్తరేమో!"

"ఉత్తరాలు రాసుకుంటే పోలీసులెందుకొస్తరక్కా? నీ భయాలు దాచనీకి ఇంకో సర్వర్ పెట్టాలె!"

ఆయన తిప్పలల్లా వేరే. ఇంటి నుంచి పంపే ఉత్తరాలను పెద్ద కంపెనీలు నమ్మవట, స్పామ్ అని చెత్తలో పడేస్తాయట. ఆయన ప్రతి ఉత్తరానికీ సంతకంలాంటి గుర్తు పెట్టారు. కంపెనీలకు అర్జీలు రాశారు. "కొత్తగ వచ్చినోన్ని వాడకట్టు ఊకెనే నమ్ముతదా అక్కా? రోజు కనవడాలె, మర్యాదగ ఉండాలె" అనేవారు.

అందుకే రోజూ పొద్దున ఏడింటికి, తన చేత్తోనే టైపు చేసి, నా ఫోనుకు ఒక ఉత్తరం పంపేవారు: "వచ్చిందా అక్కా?" నాది నాలుగో తరగతి చదువు. కూడబలుక్కుని చదివి, గోడ దగ్గర నిలబడి "వచ్చింది సారూ!" అని అరిచేదాన్ని. ఒక్కోసారి అది స్పామ్‌లో దొరికేది.

"మళ్ళ చెత్తల వడ్డది!"

"బయటికి తియ్యి అక్కా. నువ్వు తీస్తెనే వాళ్ళకు నామీద నమ్మకం. అరుసుడు కాదు, జవాబు రాయి. నీ జవాబు చేరితే ఈ పెట్టె మీది పచ్చ దీపం టకటక కొట్టుకుంటది సూడు."

నాకు అరవడమే సులువు. ఒక్కనాడూ రాయలేదు.

మంగళవారం ఉత్తరం రాలేదు. అన్నిటికీ భయపడే నేను ఆ రోజు భయపడలేదు. స్పామ్‌లో చూశాను, మళ్ళీ చూశాను. కంపెనీలోళ్ళు మళ్ళ ఆపిన్రు అనుకుని పప్పు పొయ్యి మీద పెట్టాను. పదింటికి ఆయన గేటుకు పాలప్యాకెట్ అట్లాగే వేలాడుతుంటే చూసి, వాడకట్టువాళ్ళను పిలిచి తలుపు తీయించాను.

ముందే పిలిచినా లాభం ఉండేది కాదని డాక్టరు అన్నారు. కావచ్చు. కానీ మూడు గంటలు ఆ మనిషిని నేను చెత్తలో వెతికాను.

నిన్న ఆయన కూతురు ఇంటికి తాళం వేయడానికి వచ్చింది. "పెట్టె బంద్ చెయ్యాల్నా అత్తమ్మా?"

"ఒక్క నిమిషం ఆగు బిడ్డా."

గోడ దగ్గర నిలబడి, సోమవారం ఉత్తరం తెరిచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను: "వచ్చింది సారూ."

కిటికీలో పచ్చ దీపం టకటక కొట్టుకుంది. స్విచ్చి మీద ఆ పిల్ల చెయ్యి అట్లాగే ఆగిపోయింది.