సమ్మె రోజుల సాక్ష్యం

మా చర్చిలో ఆదివారం వాక్యానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఈ వారం దేవుడు మేలు చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగి, బైబిలు మూసుకొని కాసేపు నిలబడతారు. జ్వరం తగ్గినవాళ్లు, బిడ్డకు సంబంధం కుదిరినవాళ్లు, గనిలో పైకప్పు కూలితే అడుగు దూరంలో తప్పించుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి చెబుతారు. చెప్పి కూర్చోగానే సంఘమంతా చప్పట్లు కొట్టి ఒక స్తుతి పాట పాడుతుంది. చిన్నప్పటినుంచి అది చూస్తూ పెరిగినదాన్ని. నా వంతు ఎప్పుడొస్తుందా అని ఏళ్ల తరబడి ఎదురుచూశాను.

తెలంగాణ కోసం గనులన్నీ బందైన ఆ శరదృతువులో ఒక ఆదివారం నేను లేచాను. నా భర్తను ప్రభువు తాగుడు నుంచి విడిపించాడని, పెళ్లయినప్పటినుంచి నేను చేసిన ప్రార్థనకు జవాబు దొరికిందని, ఇక ఆయన జన్మలో ముట్టడని చెప్పాను. నా వెనుక వరుసలో ఒకామె ఏడ్చింది. ఆమె భర్త కూడా తాగుతాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఆ రోజు నేను ఇంటికి నడిచిన తీరు తలచుకుంటే ఇప్పటికీ చీర కొంగు మొహం మీదికి లాక్కోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆయన తాగడం మానలేదు. సమ్మెలో ఉన్నాడు, అంతే.

ఆయన గనిలో, మా వాళ్ల మాటలో బాయిలో, బొగ్గు నింపే కార్మికుడు. సమ్మె రోజుల్లో పొద్దున్నే రోడ్డు పక్క దీక్షా టెంటు కిందికి పోయి కూర్చునేవాడు. తాగి వచ్చినవాణ్ని ఆ టెంటులోకి రానిచ్చేవాళ్లు కాదు. ఇంట్లో జీతం లేదు. సమ్మెలో ఉన్నవాడికి కల్లు దుకాణంలో గాని, బ్రాందీ షాపులో గాని ఎవరూ ఉద్దెర పెట్టరు. సాయంత్రం నినాదాలతో గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. ఇంత తిని, పిల్లలతో రెండు మాటలు మాట్లాడి పడుకునేవాడు. గోదావరిఖనిలో ఆ నెలంతా ఎందరో ఇళ్లలో అదే జరిగింది. మా పక్క క్వార్టర్లలో ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. వాళ్లకు వాక్యం తెలియదు. నేను సండే స్కూలులో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని. అయినా నాకు తట్టలేదు. నేను అడిగింది జరిగింది కాబట్టి నేను అడిగినవాడే చేశాడనుకున్నాను. ఇంకో కారణం ఉంటుందేమోనని చూడడం అవిశ్వాసం అనుకున్నాను.

సమ్మె ముగిసింది. సైరన్ మళ్లీ మోగింది. గనిలోకి దిగడం మొదలయ్యాక మొదటి జీతం అందిన రోజు ఆయన ఇంటికి రాలేదు.

మరునాడు ఆదివారం. ఆరాధన ముగిసి సంఘమంతా తెల్లబట్టల్లో బయటికి వస్తుంటే ఎదురుగా చాయ్ హోటలు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఒక కాలికే చెప్పుంది. చర్చిలోంచి గుంపుగా వస్తున్నవాళ్లను చూసి ర్యాలీ అనుకున్నట్టున్నాడు. పిడికిలెత్తి, "జై తెలంగాణ!" అని కేక వేశాడు. మా సండే స్కూలు పిల్లలు నెల రోజుల అలవాటు కొద్దీ ఒక్కసారిగా "జై!" అన్నారు. ఎవరో పకపకా నవ్వారు. ఎవరో పిల్లల నోరు మూయించారు. ఒక్కొక్కరే చెప్పులు చూసుకుంటూ పోయారు. ఆ వెనుక వరుస ఆమె మాత్రం ఆగింది. నా వైపు చూసి ఏదో అడగబోయి, అడగకుండానే వెళ్లిపోయింది. ఆమె ఏం అడగబోయిందో నాకు తెలుసు. మరి ఆయనకే గిట్లయితే, మా ఇంటాయన సంగతేంది? ఇదే.

సాయంత్రం నల్లా దగ్గర పక్క క్వార్టరు వదిన బిందె తీసి బిందె పెడుతూ, "ఏంది వదినె, మీ దేవుడు గూడ సమ్మె ఇడిసిండా?" అంది. చెడ్డ మనసుతో అనలేదు. ఆమె అందరితోనూ అట్లాగే మాట్లాడుతుంది. నేను బిందె సగమే నింపుకొని వచ్చేశాను.

ఆయన తాగినందుకు సిగ్గుపడడం నాకు పాత అలవాటు. దాన్ని మోయడం వచ్చు. ఇది వేరు. దేవుని పేరు తీసుకెళ్లి నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చేశానన్న సిగ్గు. బైబిలు తెరిస్తే ఎక్కడ చూసినా నన్నే అంటున్నట్టుండేది. మోకాళ్ల మీద కూర్చుంటే ఏ మాటతో మొదలుపెట్టాలో తెలిసేది కాదు. నేను మళ్లీ ఏదైనా అడిగితే, నువ్వు పోయినసారి ఏమని చాటించావో గుర్తుందా అని దేవుడు అంటాడేమోననిపించేది. సండే స్కూలుకు జ్వరమని కబురు పంపాను. తర్వాతి ఆదివారమూ అదే జ్వరం.

ఆయన మాత్రం ఆ రోజునుంచి డ్యూటీకి పోవడం మానేశాడు. తాగడం, పడుకోవడం, గోడ వైపు తిరగడం. గని నుంచి మనిషి వచ్చి గట్టిగానే చెప్పి పోయాడు: ఇప్పటికే గైర్హాజరు ఎక్కువైంది, సోమవారం మస్టరులో హాజరు పడకపోతే కొలువు పోతుంది. కొలువు పోతే క్వార్టరు పోతుంది. మాకు ఊళ్లో ఇల్లు గాని, మడి గాని లేవు. అంటే సోమవారం ఒక్కటే మిగిలింది. దాని కోసం ప్రార్థన చేయాలన్నా నాకు మొహం లేదు.

ఇంతలో శుక్రవారం వచ్చింది. మా సంఘంలో శుక్రవారం ఒక్కో ఇంట్లో ఆడవాళ్ల కూడిక జరుగుతుంది. వంతులు ముందే చెబుతారు. ఆ వారం వంతు మాది. సమ్మె రోజుల్లో, ఆ సాక్ష్యం చెప్పిన ఊపులో, నేనే అడిగి పెట్టించుకున్న వంతు. రావద్దని ఎవరితో చెప్పించను? రారులే అనుకున్నాను. నాలుగు గంటలకు గేటు చప్పుడైంది.

ముందు నడుస్తున్నది మా సంఘంలో అందరూ అవ్వ అని పిలిచే ముసలామె. గని కార్మికుని భార్య, చాలా ఏళ్ల కిందటే భర్త పోయాడు. వెనుక మరో నలుగురు. వాళ్లలో ఆ వెనుక వరుస ఆమె కూడా ఉంది. నేను తలుపు సగమే తీసి గడపలో నిలబడ్డాను.

"వందనాలు బిడ్డా. చాపలేసినవా?"

"అవ్వా, ఇయ్యాల వద్దు. ఆయన డ్యూటీకి పోయిండు. ఇంట్ల ఎవ్వలు లేరు."

"నువ్వున్నవు గదా."

"నాక్కూడ పానం మంచిగ లేదవ్వా."

అవ్వ నా మాట వినలేదు. తలుపు పక్కనున్న ఆయన బూట్ల వైపు చూస్తోంది. బొగ్గు పొడి అట్టగట్టి ఎండిపోయిన బూట్లు.

"మరి బూట్లు ఈడ్నే ఇడిసి, వట్టి కాళ్లతోని దిగిండా బాయిలకు?"

వెనుక ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో ఆయన దగ్గాడు. ఒక అబద్ధం, అదీ ప్రార్థనకు వచ్చినవాళ్లతో, అదీ గడపలోనే దొరికిపోయింది. అవ్వ నా భుజం మీద చెయ్యేసి పక్కకు జరిపి, "జరుగు బిడ్డా, కాళ్లు గుంజుతున్నయి" అంటూ లోపలికి వచ్చి చాప తానే పరుచుకుంది.

పాట మెల్లగా పాడారు, రోగి ఉన్న ఇంట్లో పాడినట్టు. రెండో పాట సగంలో ఉండగా ఆయన గదిలోంచి వచ్చాడు. లుంగీ, మాసిన బనీను, ఎర్రటి కళ్లు. వంటింటి గడప మీద కూర్చున్నాడు. పాట ఆగింది. ఆడవాళ్లంతా కొంగులు సర్దుకున్నారు.

"నా కోసం ప్రార్థన గిట్ల చెయ్యకుండ్రి" అన్నాడు. "నేను మల్ల తాగుత. ఈమె మల్ల నలుగుర్ల తలకాయ దించుకుంటది. నాకెందుకీ పాపం?"

ఆయనకు నా సిగ్గు తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు.

అవ్వ ఆయనను తేరిపార చూసింది. "తాగనని నిన్నెవ్వలు చెప్పుమన్నరు కొడుకా? సోమారం నీది ఏ షిఫ్టు?"

"మొదటి షిఫ్టు."

"ఆ ఒక్క షిఫ్టు అడుగుదాం. మంగళారం సంగతి ఇప్పుడెందుకు?"

అని, ఎవరూ కళ్లు మూసుకోకముందే మొదలుపెట్టింది: "ప్రభువా, ఈ పిలగాడు సోమారం పొద్దుగాల లేవాలె. బూట్లేసుకోవాలె. బాయిల దిగాలె, మంచిగ పైకెక్కాలె. ఆ బ్రాందీ షాపు దాటి ఇంటికి రావాలె. గింతే అడుగుతున్నం. ఆమెన్."

అంతే. నా ప్రార్థనలు ఎప్పుడూ అంత చిన్నవి కావు. నేను వాగ్దానాలన్నీ వరుసగా ఎత్తి చూపి, నా భర్త జీవితమంతా ఒక్కసారే ఇమ్మని అడిగేదాన్ని. అరణ్యంలో కురిసిన మన్నా గురించి నేను సండే స్కూలులో ఎన్నిసార్లు చెప్పానో. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, రేపటికని దాచుకుంటే పురుగు పడుతుంది అని పిల్లలతో గట్టిగా పలికించేదాన్ని. ఆ రోజు మా ఇంటి చాప మీద కూర్చున్నాక గాని, నేను దాచింది ఏమిటో, దానికి ఎందుకు పురుగు పట్టిందో తెలియలేదు. సమ్మె రోజుల్లో దేవుడు నిజంగానే మా ఇంటికి పూట పూటకూ ఏదో ఇచ్చాడు. నేను దాన్ని జన్మంతటికీ సరిపడా మూటగట్టి చర్చిలో చూపించాను.

వాళ్లు వెళ్లేటప్పుడు అవ్వను గేటు దగ్గర ఆపాను. అవ్వా, మీ ఆయన ఎప్పుడు మానిండు అని అడిగాను. ఆయన కూడా తాగేవాడని, తర్వాత మానేశాడని నాకు ఎవరో చెప్పారు.

"మానలే బిడ్డా. తాగుకుంటనే పోయిండు. నేను ఒక్క ఆదివారం గూడ లేచి సాక్ష్యం చెప్పలే."

"మరి ఇన్నేండ్ల సంది..."

"మరి పొద్దున పొద్దున అడుగుకుంట పోయిన. కొన్ని దినాలు ఇచ్చిండు. ఇచ్చిన దినాలు మంచిగుండె. అవి ఇయ్యలేదని ఎట్లంట?"

వెనుక వరుస ఆమె మా పక్కనే నిలబడి ఇదంతా విన్నది. ఆమె నా చెయ్యి పట్టుకొని, "అక్కా, వచ్చే శుక్రారం మా ఇంట్ల పెట్టుకుందాం" అంది.

ఆయన ఆ తర్వాత తాగనే లేదని రాస్తే మళ్లీ అదే మూట కట్టినట్టవుతుంది. తాగాడు. కొన్నాళ్లు తాగలేదు. మళ్లీ తాగాడు. ఆ సంవత్సరాలన్నీ అట్లాగే గడిచాయి. నేను రాయగలిగింది ఆ సోమవారం గురించే.

పొద్దున నేను లేపకముందే లేచాడు. బూట్లు వేసుకొని, క్యారియర్ తీసుకొని పోయాడు. మధ్యాహ్నం షిఫ్టు దిగిన సైరన్ మోగింది. మా క్వార్టర్ల లైనులో మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చేశారు. పక్క క్వార్టరు అన్న వచ్చి స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాడు. మస్టరు పడిందా అని అడిగితే, "పడ్డది చెల్లె, నా ఎనకనే దిగిండు" అన్నాడు. ఇంకో గంట గడిచినా ఈయన జాడలేదు. గని నుంచి మా లైనుకు వచ్చే దారిలో ఆ షాపు ఒక్కటే ఉంది. సగం ప్రార్థన నెరవేరింది, ఇక మిగతా సగం లేదనుకున్నాను. మళ్లీ నేనే అత్యాశకు పోయానేమోనని వంటింట్లో కూర్చొని కళ్లు తుడుచుకున్నాను.

గేటు చప్పుడైంది. బయటికి పరిగెత్తాను. ఆయన నా ఎదుట నిలబడగానే, ఏమీ అడగకముందే, నా మొహం దానంతటదే ముందుకు వంగింది. వాసన చూశాను. బొగ్గు, చెమట, బీడీ. అంతే. తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. మూడు రోజుల కిందట అవ్వ ప్రార్థనకు ఆమెన్ అన్నదాన్ని నేను. నమ్ముతున్నానని ఆయనతో చెప్పినదాన్ని. ఆ క్షణంలో ఆయన తాగి వచ్చి ఉంటేనే నాకు ఇంత సిగ్గు ఉండేది కాదేమో.

ఆయన కోపం చేయలేదు. వెనక్కి జరగలేదు కూడా. నేను ఇంకోసారి చూసుకోవాలంటే చూసుకోమన్నట్టు అట్లాగే నిలబడ్డాడు.

"గింతసేపు ఏడున్నవు?" అన్నాను, వేరే మాట దొరక్క.

"షాపు దాటి రావాలన్నది గదా అవ్వ. దాటుడు నాతోని కాదు. గందుకే రైలు పట్టాల పొంటి సుట్టు తిరిగొచ్చిన."

పట్టాల మీదుగా అంటే రెండింతల దూరం. పొద్దంతా బొగ్గు ఎత్తిన మనిషి. బూట్ల నిండా ఎర్ర దుమ్ము, కంకర పొడి. నేను వంగి బూట్ల తాళ్లు విప్పబోతే, "నేను ఇప్పుకుంట తియ్యి" అని కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. వేడి నీళ్లు తోడి పెట్టాను.

"రేపేంది?"

"మొదటి షిఫ్టే."

ఆయన నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వింటూ పొయ్యి ముందు నిలబడ్డాను. ఎన్నో రోజుల తర్వాత నా నోట్లోంచి ప్రార్థన వచ్చింది. ముందు నా ముక్కును క్షమించమన్నాను. తర్వాత ఆ మంగళవారాన్ని ఇమ్మన్నాను. బుధవారం మాట ఎత్తలేదు.