మూడో వన్స్ మోర్

ఢిల్లీ ద్వారకలో మెట్రో దిగుతుంటే ముందున్న ఆవిడ దగ్గర్నుంచి కొబ్బరినూనె, పౌడరు కలిసిన వాసన వచ్చింది. నా కాళ్లు ఆగిపోయాయి. "దీదీ, చలియే న!" అని వెనక ఎవరో కదలమని విసుక్కున్నారు. అది మా పిన్ని వాసన.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఢిల్లీలో తెలుగువాళ్లు ఏటా వేసే నాటకంలో పిన్నిది ఇంటి ఓనరమ్మ వేషం. అద్దెవాళ్లను ఆడిపోసుకుంటూ పాడే పాట చివర ఆమెకు ఊపిరందలేదు. నోరు తెరిచి, గుండె పట్టుకుని నిలబడిపోయింది. హాలంతా ఘొల్లున నవ్వింది. నేను కుర్చీ ఎక్కి "వన్స్ మోర్!" అని అరిచాను. అందరూ అందుకున్నారు. మన నాటకాల్లో వన్స్ మోర్ పడితే మళ్లీ పాడాల్సిందే. పాడింది. మళ్లీ అరిచాను, మళ్లీ పాడింది. మూడోసారి అరిచినప్పుడు నా వైపే చూసింది. అదీ నటనే అనుకున్నాను.

తెరవెనక కొబ్బరినూనెతో ఆమె మొహం మీద రంగు తుడుస్తూ అమ్మ, "ఆపేయొచ్చు కదే?" అంది.

"పిల్ల అడిగిందక్కా," అంది పిన్ని. గొంతు బొంగురుపోయి ఉంది.

వారం తర్వాత పత్రికలో సమీక్ష వచ్చింది. ఆమె పాటను మెచ్చుకున్నారు. ఊపిరాడనట్టు చేసిన హాస్యాన్ని అంతకంటే ఎక్కువ మెచ్చుకున్నారు. నాన్న పైకి చదువుతుంటే పిన్ని నవ్వుతూ వింది. అప్పటికే డాక్టరు ఇక పాడొద్దన్నాడు. పిన్ని మళ్లీ ఎన్నడూ పాడలేదు.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఎప్పుడు చదివినా ఆ హాల్లో ఎవరూ నవ్వరు. కుర్చీ ఎక్కిన పిల్ల ఒక్కతే అరుస్తూ ఉంటుంది.