గడీ ముందు చెప్పులు

పోయిన చలికాలం వనపర్తి దగ్గర ఒక ఊళ్లో, పాత కట్టడాలు చూపిస్తూ నడిపించే కార్యక్రమానికి వెళ్లాను. బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన కూడా మాతో నడిచాడు. ఆయనది అదే ఊరు. కూలి పనికి బొంబాయి పోయి, చాలా ఏళ్లకు తిరిగొచ్చాడట.

ఊరి దొర ఉండిన కోటలాంటి గడీ దర్వాజ ముందు నుంచి నడిచి కాస్త ముందుకొచ్చాక, మమ్మల్ని నడిపిస్తున్న అమ్మాయి ఆగి చెప్పింది: “ఎనుకట కూలోళ్లు గీ దర్వాజ ముందల చెప్పులు చేతపట్టుకొనే పోవాలె.”

నేను పక్కకు చూశాను. ముసలాయన చెప్పులు ఆయన చేతిలోనే ఉన్నాయి.

అమ్మాయీ చూసింది. “ఇప్పుడు దొర లేడు గదా తాతా. గడీల బడి నడుస్తుంది.”

“నాకు తెల్సు బిడ్డా. కాళ్లకే తెల్వదు.”

చెప్పులు తొడుక్కున్నాడు. మేం కదలబోతుంటే “జర ఆగుండ్రి” అని వెనక్కి వెళ్లి, టపటపమని చప్పుడు చేస్తూ దర్వాజ ముందు నుంచి మళ్లీ నడిచొచ్చాడు.